కావాలని చేయడం లేదంటున్నాడు: ఏడీహెచ్‌డీ ఉన్న మా అబ్బాయి గురించి

నీలిమేఘం (మొదటి పోస్టు, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. పోయిన వారం పిల్లల మానసిక వైద్యురాలు వాడికి ఏడీహెచ్‌డీ (అవధాన లోపం, అంటే ఏకాగ్రత నిలవకపోవడం, దానితోపాటు అతిచురుకుదనం) ఉందని చెప్పారు. ఇంటికి వచ్చాక ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతున్నాను.

నిన్న రాత్రి జరిగింది చెబుతాను. హోంవర్కు పది కూడికలు, అంతే. రెండు చేసేసరికి పావుగంట అయింది. మూడో లెక్క దగ్గర రబ్బరును గోళ్లతో తుంచడం మొదలుపెట్టాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, బతిమాలాను, బెదిరించాను. నేను ఫోను మాట్లాడి వచ్చేలోపు రబ్బరు మొత్తం పొడి అయిపోయి ఉంది, పుస్తకంలో మూడో లెక్క అలాగే ఉంది. చెయ్యి చేసుకున్నాను. వాడు ఏడవలేదు. ఆ పొడిని అరచేత్తో ఒకచోటికి చేరుస్తూ, "అమ్మా, నేను కావాలని చేయడం లేదు. నా తలే వెళ్లిపోతోంది" అన్నాడు.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. మా అత్తగారు గారాబం ఎక్కువై ఇలా తయారయ్యాడంటారు. మావారు "చిన్నప్పుడు నేనూ ఇంతే, అదే సర్దుకుంటుంది" అంటారు. ఇంకో సందేహం కూడా ఉంది. ప్లాస్టిక్ దిమ్మెలతో బొమ్మలు కట్టమంటే రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు. ఏకాగ్రత లేని పిల్లవాడైతే అది ఎలా సాధ్యం? డాక్టరు గారు మందు గురించి కూడా చెప్పారు. ఆ మాట వింటేనే భయంగా ఉంది.

ఇద్దరమ్మ (రాత్రి 11:58)

నీలిమేఘం గారూ, ముందు మీరు పడుకోండి. కొట్టిన తల్లులు ఇక్కడ చాలామందిమే ఉన్నాం. నేనూ ఒకదాన్ని. రేపు పొద్దున వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని "నిన్న కొట్టాను, అది తప్పు, నువ్వు చెప్పింది నమ్ముతున్నాను" అని చెప్పండి. ఈ పిల్లలకు మనం నమ్మామన్న మాట చాలా అరుదుగా వినబడుతుంది.

దిమ్మెల సంగతి. మా పెద్దవాడి విషయంలో నన్ను మూడేళ్లు తప్పుదారి పట్టించింది ఈ ప్రశ్నే. బొమ్మలతో కూర్చోగలిగినవాడు పుస్తకంతో ఎందుకు కూర్చోడు, అంటే మొండితనమే కదా అనుకున్నాను. ఈ జబ్బు పేరే సరిగ్గా లేదు. ఈ పిల్లలకు ఏకాగ్రత ఉంటుంది, దాని పగ్గాలు మాత్రం వాళ్ల చేతిలో ఉండవు. దిమ్మెలు పేర్చేటప్పుడు ప్రతి క్షణం కొత్తగా ఏదో జరుగుతుంది, చేసిన పని వెంటనే కళ్లముందు కనిపిస్తుంది. అక్కడ మనసు దానంతట అదే అతుక్కుంటుంది. కూడికల దగ్గర అలా అతికించేది ఏదీ లేదు. లోపలినుంచి బలవంతంగా మనసును పట్టి నిలపాలి, మీ అబ్బాయికి అలసట వచ్చేది అక్కడే. బొమ్మలనుంచి లేవమన్నప్పుడు గొడవ చేస్తాడా? మావాడు చేసేవాడు. అదీ ఇదీ ఒకటే సమస్య. వెళ్లిన మనసును వెనక్కి తెచ్చుకోలేరు.

నిదానం (ఉదయం 6:15)

నా మాట కటువుగా ఉంటే క్షమించండి. నాకు అరవై రెండేళ్లు. మా కాలంలో కుదురులేని పిల్లలు ప్రతి ఇంట్లో ఉండేవారు. ఎవరికీ ఈ పేర్లు పెట్టలేదు, మందులు వేయలేదు. అందరూ పెద్దవాళ్లయ్యారు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి జబ్బు ముద్ర వేయడానికి ఇంత తొందర ఎందుకు?

ముప్పైనాలుగు (ఉదయం 7:40)

నిదానం గారూ, పెద్దవారు, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. పేరు లేనంత మాత్రాన ఆ పిల్లలకు ముద్ర పడలేదనుకోకండి. సోమరి, దద్దమ్మ, పనికిరానివాడు, అశ్రద్ధ. ఈ ముద్రలన్నీ నాకు పదేళ్లు నిండకముందే పడ్డాయి. నాకు ఏడీహెచ్‌డీ అని తెలిసింది ముప్పై ఒకటో ఏట.

ఇది ఈమధ్య పుట్టించిన సంగతి కూడా కాదు. 1902లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో, తెలివితేటలు మామూలుగానే ఉండి తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి వివరంగా చెప్పారు. తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో అవధాన లోపం అన్న పేరుతో చేరింది, 1987లో దానికి అతిచురుకుదనం కూడా జతచేసి ఇప్పుడు మనం వాడే పేరు ఖాయం చేశారు.

నీలిమేఘం గారూ, మీ అబ్బాయి "నా తలే వెళ్లిపోతోంది" అన్నాడని చదివి కాసేపు ఆగిపోయాను. ఎనిమిదేళ్లకు నాకు ఆ వాక్యం దొరికి ఉంటే ఎంత బాగుండేదో. లోపల ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రయత్నిస్తాను. టీచరు "పుస్తకం తీసి నలభై ఆరో పేజీలో రెండో ప్రశ్న రాయండి" అంటారు. పుస్తకం తీస్తాను. తీసేటప్పుడు అట్ట చివర చిరిగి కనిపిస్తుంది. దాన్ని సరిచేస్తాను. ఈలోపు పేజీ సంఖ్య చేజారిపోయి ఉంటుంది. పక్కవాడిని అడుగుతాను. "మాటలు ఆపు" అని నన్నే తిడతారు. నేను వినలేదనుకుంటారు. విన్నాను. విన్నదాన్ని చేతిలో పట్టుకునేంతసేపు పట్టుకోలేకపోయాను, అంతే తేడా. రోజుకు ఇలా ఎన్నిసార్లో. సాయంత్రానికి తిట్లు తిని తిని ఇంటికి వస్తే, అక్కడ డైరీ చూసి మళ్లీ మొదలు.

మీవారు "నేనూ ఇంతే" అన్నారని రాశారు. ఆ మాట తేలిగ్గా తీసుకోకండి. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఇందులో వంశపారంపర్యం వాటా డెబ్బై శాతానికి పైనే. సర్దుకుంటుందని ఆయన అంటున్నారు కదా, నిజంగా సర్దుకుందా, లేక ఎలాగో నెట్టుకొచ్చారా అని ఒకసారి నెమ్మదిగా అడగండి.

పలకాబలపం (ఉదయం 8:05)

నేను పదహారేళ్లుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. బడికి వెళ్లే తొందరలో ఉన్నా ఒక్క మాట రాయకుండా వెళ్లలేకపోతున్నాను. మొదటి ఐదారేళ్లు నేను కూడా డైరీల్లో "శ్రద్ధ లేదు" అని రాసేదాన్ని. ఆ రెండు మాటలు ఆ ఇంట్లో రాత్రి ఎలా మారుతాయో ఇప్పుడు మీ పోస్టు చదివితే మళ్లీ తెలిసింది. సాయంత్రం వివరంగా రాస్తాను.

తెల్లకాగితం (ఉదయం 10:20)

పిల్లల మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. మీ అబ్బాయిని చూడలేదు కాబట్టి వాడి గురించి ఏమీ చెప్పను. ఎవరికైనా వర్తించే సంగతులు మాత్రం చెబుతాను.

దీన్ని నిర్ధారించడానికి రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదు. తల్లిదండ్రులను, టీచర్లను విడివిడిగా అడిగి, ప్రశ్నావళులు నింపించి, పిల్లవాడిని గమనించి తేలుస్తాం. పైన చెప్పిన అమెరికా గ్రంథంలోని 2013 నాటి ప్రమాణాల ప్రకారం అవధానానికి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, కుదురులేనితనం, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదింటిలో గానీ కనీసం ఆరు ఉండాలి. ఆరు నెలలుగా కొనసాగుతూ ఉండాలి, పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి, ఒక్క ఇంట్లోనో ఒక్క బడిలోనో కాక రెండుచోట్లా కనిపించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వాటివల్ల పిల్లవాడి చదువుకో స్నేహాలకో నిజంగా దెబ్బ తగులుతూ ఉండాలి. నిదానం గారు చెప్పిన తొందరపాటు ప్రమాదం లేకపోలేదు. తరగతిలో అందరికన్నా నెలలు తక్కువైన పిల్లలకు ఈ పేరు ఎక్కువగా పెడుతున్నారని అనేక దేశాల పరిశీలనల్లో తేలింది. వాళ్లు వయసుకు తగ్గట్టే ఉంటారు, పోలిక పెద్ద పిల్లలతో జరుగుతుంది. అందుకే చూపు, వినికిడి, నిద్ర ముందు చూసుకోవాలి. గురక పెట్టి సరిగ్గా నిద్రపోని పిల్లలు పగలు అచ్చం ఇలాగే కనిపిస్తారు. మధ్యలో కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి పిలిచినా పలకకపోతే అది ఒకరకం మూర్ఛ కావచ్చు, ఆ సంగతి తప్పకుండా డాక్టరుకు చెప్పండి.

గారాబం మాటకు వస్తే, పెంపకం వల్ల ఏడీహెచ్‌డీ రాదు. చక్కెర వల్ల కూడా రాదు. ఇంటి తీరు వల్ల లక్షణాల తీవ్రత, ముఖ్యంగా పిల్లవాడి మొండితనం, దిగులు పెరగడమో తగ్గడమో ఉంటుంది. 2007లో వెలువడిన ఒక మెదడు పరిశోధనలో, ఈ పిల్లల్లో మెదడు పైపొర ఎదిగే క్రమం మామూలుగానే ఉన్నా సుమారు మూడేళ్లు ఆలస్యంగా సాగుతోందని కనుగొన్నారు. అందరికీ కాలంతోపాటు సర్దుకుంటుందని దీని అర్థం కాదు. చాలామందిలో పరుగులు తగ్గుతాయి, పరధ్యానం మిగులుతుంది.

మందు గురించి అడిగారు. ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. 1944లోనే తయారైన మందు ఇది, దశాబ్దాల వాడకం ఉంది. మామూలు మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకాలు ఇంకా ఎక్కువసేపు పనిచేస్తాయి. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, కడుపునొప్పి, తలనొప్పి సాధారణంగా కనిపించే ఇబ్బందులు. ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు క్రమం తప్పకుండా చూస్తూ ఉండాలి. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బులు ఉంటే ముందే చెప్పాలి. ఆరేళ్లలోపు పిల్లలైతే మందుకన్నా ముందు, పిల్లవాడి ప్రవర్తనను ఎలా దారిలో పెట్టాలో తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడమే పద్ధతి. ఆ పైన వయసువారికి మందు, శిక్షణ రెండూ కలిపి సూచిస్తారు. 1999లో ఫలితాలు ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనంలో 579 మంది పిల్లలను 14 నెలలు చూశారు. జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు ప్రధాన లక్షణాలను శిక్షణ ఒక్కటే ఇచ్చినదానికన్నా బాగా తగ్గించింది. రెండూ కలిపి అందుకున్న పిల్లలకు తక్కువ మోతాదు సరిపోయింది. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. మందు మొదలుపెట్టడంతో పని అయిపోదనడానికే ఇది చెబుతున్నాను.

వానచినుకు (మధ్యాహ్నం 1:30)

మా అమ్మాయికి పదకొండు. తండ్రిని నేను. మందు వద్దని ఏడాదిన్నర అడ్డం నిలబడ్డాను. మత్తులో ఉంచుతారేమో, నా బిడ్డ నా బిడ్డలా ఉండదేమో అన్న భయం. చివరికి తనే "నాన్నా, అందరూ పరీక్ష రాసి వెళ్లిపోతుంటే నేనొక్కదాన్నే ఉంటున్నాను" అంది. అప్పుడు మొదలుపెట్టాం.

మత్తేమీ లేదు. మొదటి మోతాదు తనకు ఎక్కువైంది, ముభావంగా, గోడవైపు చూస్తూ కూర్చునేది. డాక్టరుకు చెబితే తగ్గించారు. తర్వాత తన నవ్వు తనకు తిరిగివచ్చింది, నోటు పుస్తకం కూడా చివరిదాకా నిండడం మొదలైంది. మధ్యాహ్నం ఆకలి ఉండదు కాబట్టి మందు వేసేముందు పొద్దున, మళ్లీ రాత్రి కడుపునిండా పెడతాం. మందు దిగే సాయంత్రం గంటసేపు చిరాకుగా ఉంటుంది. ఆ గంటలో మేము తనను ఏమీ అడగం.

గడపలో (మధ్యాహ్నం 2:10)

మాకు అది సరిపడలేదు. నిద్ర పూర్తిగా పోయింది, కన్ను అదరడం మొదలైంది. డాక్టరు ఆపి వేరే రకం మందు మొదలుపెట్టారు. దాని ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పట్టింది. పక్కింటి పిల్లవాడికి పనిచేసింది మీవాడికి పనిచేస్తుందని అనుకోవద్దు, పనిచేయకపోతే అక్కడితో దారి మూసుకుపోయిందనీ అనుకోవద్దు.

పలకాబలపం (సాయంత్రం 6:45)

ఇప్పుడు తీరిక దొరికింది. మా తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు, ప్రతి పది నిమిషాలకు లేస్తాడు. పాత నేనైతే కూర్చోమని అరుస్తూ ఉండేదాన్ని. ఇప్పుడు వాడికి తరగతిలో లేచే పనులన్నీ ఇచ్చాను. బోర్డు తుడవడం, పుస్తకాలు పంచడం, ఆఫీసులో కాగితం ఇచ్చి రావడం. ఎలాగూ లేస్తాడు కదా, గౌరవంగా లేస్తాడు. కిటికీ దగ్గరనుంచి మార్చి నా బల్లకు దగ్గరగా, కుదురైన పిల్లవాడి పక్కన కూర్చోబెట్టాను. మనసు వెళ్లిపోయినప్పుడు పేరు పెట్టి పిలవను. వాడి బల్ల మూలను వేలితో రెండుసార్లు తడతాను. అది మా ఇద్దరికే తెలిసిన గుర్తు. పదిసార్లు పేరు పిలిస్తే మిగతా పిల్లలు కూడా వాడిని తప్పులవాడిగానే చూడటం మొదలుపెడతారు. ఆ నష్టం మార్కుల నష్టంకన్నా పెద్దది. పుట్టినరోజుకు ఎవరూ పిలవని పిల్లలు వీళ్లే.

ఆడపిల్లల గురించి కూడా చెప్పాలి. వాళ్లలో చాలామంది గోల చేయరు. కిటికీలోంచి బయటికి చూస్తూ బుద్ధిగా కూర్చుంటారు. ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ గుర్తించరు. అలాంటి అమ్మాయిని ఒకసారి రెండేళ్లు నా ఎదురుగానే పోగొట్టుకున్నాను. ఆ తర్వాత గోలచేసేవాళ్లనే కాక మౌనంగా ఉండేవాళ్లనూ లెక్కపెట్టడం నేర్చుకున్నాను.

నిదానం (రాత్రి 8:30)

అందరి మాటలూ చదివాను. నా తమ్ముడు గుర్తుకొచ్చాడు. అందరూ పెద్దవాళ్లయ్యారని రాశాను. వాడు ఏ ఉద్యోగంలోనూ ఏడాది నిలవలేదు. మా నాన్నగారు చివరిరోజుదాకా వాడిని తిట్టారు, నేనూ తిట్టాను. రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మా నీలిమేఘం, మీ పని మీరు చేయండి.

ఇద్దరమ్మ (రాత్రి 9:15)

నిదానం గారూ, ఈ మాట రాయడానికి పెద్ద మనసు కావాలి.

నీలిమేఘం గారూ, ఇంట్లో పనికొచ్చినవి చెబుతాను. నేను చేసిన పెద్ద పొరపాటు ఏమిటంటే, వాడికి తెలియదనుకుని మళ్లీ మళ్లీ చెప్పడం. వాడికి అన్నీ తెలుసు. తెలిసినదాన్ని ఆ క్షణంలో, ఆ చోట చేయలేడు. కాబట్టి రాత్రి పడుకునేముందు చేసే హితబోధ వల్ల రేపు పొద్దున ఏమీ మారదు. సాయం పని జరిగేచోటే, పని జరిగే నిమిషంలోనే ఉండాలి. రస్సెల్ బార్క్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. ఈ పిల్లలకు తమను తాము నడుపుకునే శక్తి వయసుకన్నా సుమారు ముప్పై శాతం వెనకబడి ఉంటుందని ఆయన ఒక అంచనా లెక్క చెబుతారు. అంటే మీ ఎనిమిదేళ్ల వాడిని ఈ ఒక్క విషయంలో ఐదున్నర, ఆరేళ్ల వాడిగా చూడండి. ఐదున్నరేళ్ల పిల్లవాడిని ఒంటరిగా పది లెక్కలు చేయమంటామా?

మా ఇంట్లో బూట్ల గొడవ ఉండేది. "తయారవ్వు" అంటే ఒక కాలికి బూటు వేసుకుని, రెండోదాన్ని వెతుకుతూ వెళ్లి మంచం కింద దొరికిన కారుతో ఆడుతూ ఉండేవాడు. "తయారవ్వు" అన్న ఒక్క మాటలో ఆరేడు పనులు ఉన్నాయని నాకప్పుడు తట్టలేదు. తలుపు పక్కన, వాడి కళ్ల ఎత్తులో బొమ్మలతో అట్టముక్క పెట్టాను. చొక్కా, మేజోళ్లు, బూట్లు, సంచి. రాత్రే బూట్లు తలుపు దగ్గర పెట్టిస్తాను. "ఇంకా పది నిమిషాలు" అనడం మానేశాను, పది నిమిషాలంటే ఎంతో వాడికి తెలియదు. ఎర్రరంగు తగ్గుతూ కనిపించే టైమరు పెట్టాను. చెప్పేటప్పుడు దూరంనుంచి అరవకుండా దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, ఒక్క పని చెబుతాను. అది అయ్యాకే రెండోది.

మెచ్చుకోలు వెంటనే ఉండాలి. "వారమంతా బాగుంటే ఆదివారం బహుమతి" అన్నది వీళ్లకు అందని చందమామ. చుక్కలు, నక్షత్రాల పట్టిక పెడితే మొదటి రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తర్వాత చప్పబడుతుంది. అది మీ ఓటమి అనుకోకండి. కొత్తదనం పోయింది, బహుమతి మార్చండి. ఇచ్చిన చుక్కలు మాత్రం ఎప్పుడూ వెనక్కి తీసుకోకండి.

చిన్నక్క (రాత్రి 10:50)

నేను తల్లిని కాను, అక్కని. నాకు పంతొమ్మిది, తమ్ముడికి పన్నెండు. ఇంట్లో మాటలన్నీ వాడి గురించే. నేను ఏ ఇబ్బందీ పెట్టని పిల్లగా పెరిగాను, ఎందుకంటే మా ఇంట్లో ఇంకో ఇబ్బందికి చోటు లేదు. మీకు ఇంకో బిడ్డ ఉంటే, వారానికి ఒక్క గంట ఆ బిడ్డ ఒక్కదానికే ఇవ్వండి. ఆ గంటలో తమ్ముడి మాట తీసుకురాకండి.

నీలిమేఘం (ఆరు వారాల తర్వాత, రాత్రి 9:30)

ఇన్నాళ్లూ రాయలేదు, ప్రతి మాటా మళ్లీ మళ్లీ చదివాను. చిన్నక్కా, మాకు నాలుగేళ్ల పాప ఉంది. శనివారం సాయంత్రం గంట దానిదే ఇప్పుడు.

ముప్పైనాలుగు గారు చెప్పినట్టు మావారిని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి పదో తరగతినాటి ఫైలు తెచ్చారు. అందులో ఆయన డైరీ పేజీలు వాళ్లమ్మగారు దాచినవి ఉన్నాయి. "శ్రద్ధ లేదు." ప్రతి పేజీలో అదే. అత్తగారు కూడా పక్కనే ఉన్నారు. ఆవిడ ఆ పేజీలు తిప్పుతూ "నేను నీకు కూడా గారాబమే చేశానేమో అనుకునేదాన్ని" అన్నారు. ఆ రోజునుంచి ఆ మాట మా ఇంట్లో వినబడలేదు.

మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నాలుగు వారాలైంది. మధ్యాహ్నం డబ్బా సగం తిరిగి వస్తోంది, రాత్రి సర్దుతున్నాం. వచ్చే వారం బరువు చూపించాలి. హోంవర్కులో పది లెక్కల కాగితాన్ని మడిచి మూడే కనబడేలా పెడుతున్నాను. మూడు అయ్యాక గేటుదాకా పరుగెత్తి వస్తాడు. మళ్లీ మూడు. రబ్బరు బదులు చేతిలో మెత్తటి బంతి పెట్టాను, నలుపుతూ ఆలోచిస్తాడు. నిన్న ఏడో లెక్క దగ్గర మళ్లీ వెళ్లిపోయాడు. నేను పేరు పిలవలేదు. పలకాబలపం గారు చెప్పినట్టు బల్ల మీద రెండుసార్లు తట్టాను. తల ఎత్తి చూసి, "వచ్చేశాను" అన్నాడు.

అన్నీ బాగున్నాయని కాదు. మొన్న ఆదివారం బొమ్మలు తీసేయమన్నందుకు ఇరవై నిమిషాలు నేలమీద పడి ఏడ్చాడు, నేనూ గట్టిగా అరిచాను. తర్వాత క్షమించమని అడిగాను.

రేపు వాళ్ల టీచరును కలవబోతున్నాం. ఇంతకుముందు ఆవిడతో మాట్లాడిన ప్రతిసారీ మాటామాటా పెరిగింది. ఈసారి ఎలా మొదలుపెట్టాలి?

పలకాబలపం (రాత్రి 9:50)

"మావాడి గురించి మీరు గమనించినవి చెప్పండి" అని అడిగి, ఆవిడ చెప్పేది పూర్తిగా వినండి. ముప్పై మంది పిల్లల మధ్య ఆవిడ కూడా అలసిపోయి ఉంటారు. అడగాల్సినవి రెండే అడగండి, పది వద్దు. ఒకటి, ముందువరుసలో చోటు. రెండు, డైరీలో రోజూ ఒక్క మంచి మాట, అది ఎంత చిన్నదైనా సరే. కాగితం మీద రాసి తీసుకెళ్లండి. బల్ల మీద తట్టే గుర్తు సంగతి మీవాడినే ఆవిడకు చెప్పనివ్వండి.

నీలిమేఘం (రాత్రి 10:05)

రాసి సంచిలో పెట్టాను. వాడిని అడిగితే "టీచరుకు నేనే చూపిస్తాను, గట్టిగా తట్టకూడదని కూడా చెబుతాను" అన్నాడు. రేపు సాయంత్రం ఎలా జరిగిందో రాస్తాను.